వానలో ఎంతలో ఆగుతుంది?

మంచు కురిసే దేశాల్లో చలికాలానికి వేరే టైర్లుంటాయి. మనకు మంచు లేదు కాబట్టి ఆ బెడద లేదనుకుంటాం. కానీ మృగశిర నుంచి దసరా దాటేదాకా మన రోడ్ల మీదా ఓ గడ్డుకాలం ఉంది. హైదరాబాద్‌లోని కాప్రా లాంటి చోట కారు నడిపేవాళ్లు దానికి తగ్గ టైరును ఎలా ఎంచుకోవాలి?

అక్టోబరు మొదటివారం. సాయంత్రం ఆరున్నర. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కాప్రా వైపు ఇంటికొస్తున్నా. మధ్యాహ్నం దాకా కాసిన ఎండ తగ్గి, అరగంటసేపు జోరుగా కురిసి వెలిసింది వాన. రోడ్డంతా దీపాల వెలుగు పరుచుకుని తళతళలాడుతోంది. ముందు వెళుతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను. నా వేగం నలభై కూడా లేదు. అయినా కారు ఆగలేదు. మెత్తగా, చప్పుడే లేకుండా, నూనె రాసిన నేల మీద పీట జరిగినట్టు ముందుకు జరిగిపోయింది. ఆటోలో స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకున్న పాప వెనక్కి తిరిగి చూడటం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. స్టీరింగ్‌ను కుడికి తిప్పాను. డివైడర్‌కు రాసుకుని కారు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా చేతుల వణుకు మాత్రం ఇంటికెళ్లినా తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే టైర్ల షాపుకెళ్లాను. ‘టైర్లు బాగానే ఉన్నాయి, చూడు బాబూ. ఎనిమిదేళ్లలో తిరిగింది ఇరవైరెండు వేల కిలోమీటర్లే. గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి. బ్రేకులే తేడా చేసుంటాయి’ అన్నాను. కుర్రాడు ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుని సెల్‌ఫోన్ లైటు వేశాడు. అంచు మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులో మట్టి విచ్చుకున్నట్టు. ‘మందం ఏం సూస్తరు సార్, తారీకు సూడుండ్రి’ అంటూ నాలుగంకెల మీద వేలు పెట్టాడు. తర్వాత ‘ఇగో, గోరుతోని గుచ్చుండ్రి’ అన్నాడు. గుచ్చాను. దిగలేదు. పక్కనే ఉన్న కొత్త టైరు మీద గుచ్చమన్నాడు. గోరు ఆనిన చోట సన్నటి గుర్తు పడి, నెమ్మదిగా మాయమైంది. ‘మీది రబ్బరు కాదు సార్ ఇప్పుడు, చెక్క’ అన్నాడు.

ఆ రాత్రి మాంట్రియల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. జరిగింది విని మొదట అడిగిన మాట: ‘నాన్నా, నీ టైర్లు ఏ సంవత్సరానివి?’ ముప్పయ్యేళ్లుగా కారు నడుపుతున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తనకు వెంటనే తట్టింది. ఎందుకంటే తను ఉండే చోట టైరు గురించి ఆలోచించక తప్పదు.

మంచు నేర్పిన పాఠం

కాప్రా, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ కాలనీల్లో విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. చలిదేశంలో కాపురం పెట్టిన ఈ పిల్లలు కొత్తగా నేర్చుకునే మాటల్లో ‘వింటర్ టైర్లు’ ఒకటి. కెనడాలో మా అమ్మాయి ఉండే క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు కారుకు చలికాలపు టైర్లు ఉండి తీరాలి. లేకపోతే 200 నుంచి 300 డాలర్ల జరిమానా. ఆ దేశంలో ఈ నిబంధనను 2008లో మొదట తెచ్చిన రాష్ట్రం అదే. మా అమ్మాయి ఇంట్లో రెండు సెట్ల టైర్లుంటాయి. కారుకు ఒక సెట్టు ఉంటే, రెండోది నేలమాళిగలో ఉంటుంది. మనం దుప్పట్లు, స్వెటర్లు అటక మీంచి దింపినట్టు వాళ్లు ఏటా టైర్లు మారుస్తారు.

ఎందుకీ అవస్థ? ధనుర్మాసంలో మనింట్లో కొబ్బరినూనె సీసా చూడండి. వేసవిలో నీళ్లలా పారే నూనె చలికి తెల్లగా గడ్డకడుతుంది. టైరు రబ్బరుదీ అలాంటి స్వభావమే. రబ్బరు రోడ్డును పట్టుకోవాలంటే మెత్తగా ఉండాలి. రోడ్డు మీది చిన్నచిన్న గరుకుల్లోకి ఒదిగిపోవాలి. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుంటూ వస్తుంది. దాదాపు 7 డిగ్రీలను హద్దుగా చెబుతారు. అంతకన్నా చలి పెరిగితే మామూలు టైరు పట్టు సడలుతుంది. చలికాలపు టైరును గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమంతో చేస్తారు. దాని ముఖం మీద సన్నటి కోతలు వందల కొద్దీ ఉండి మంచును కరిచి పట్టుకుంటాయి. ఇలాంటి టైరును మొదట చేసింది ఫిన్లాండ్ వాళ్లు. ఇప్పుడు నోకియన్ పేరుతో ఉన్న సంస్థ 1934లో లారీలకు, 1936లో కార్లకు మంచు టైర్లు తయారుచేసింది.

అయితే ఆ దేశాలవాళ్ల నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఆ టైరు కాదు. కాలానికీ రోడ్డుకూ తగ్గట్టు టైరు ఉండాలన్న వాళ్ల ఎరుక.

ఆ టైరు మనకెందుకు వద్దు?

బేగంపేటలో నమోదైన లెక్కల్లో హైదరాబాద్‌ను వణికించిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8న. అంటే చలి టైరు పనికొచ్చే హద్దును నగరం ఎప్పుడో ఒక తెల్లవారుజామున తాకి వచ్చిందంతే. అదే నగరం 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు చూసింది. చలికాలపు టైరును మన ఎండలో నడిపితే మెత్తటి రబ్బరు మరీ మెత్తబడి గబగబా అరిగిపోతుంది. బ్రేకు వేస్తే మామూలు టైరుకన్నా ఎక్కువ దూరం పోతుంది.

ఇక్కడే ఓ పొరపాటు జరుగుతుంటుంది. పెద్ద కార్లకు బిగించే కొన్ని టైర్ల మీద ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటుంది. బురద, మంచు అని దాని అర్థం. అన్ని కాలాలకూ ఇదే మేలనుకుని కొంటారు. అది టైరు ముఖం మీది అచ్చు తీరును చెప్పే గుర్తు మాత్రమే. నిజంగా మంచులో పరీక్షించి నెగ్గిన టైరుకు మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉంటుంది. అలాగే లోతైన గాడులతో మొరటుగా కనిపించే ఆల్-టెర్రైన్ టైర్లు రాళ్లదారికి, పొలంబాటకు బావుంటాయి. రోజూ తిరిగేది ఏఎస్ రావు నగర్ నుంచి తార్నాక దాకానే అయితే వాటితో మోత ఎక్కువ. తడి తారురోడ్డు మీద పట్టు కూడా మామూలు రోడ్డు టైరుకు ఉన్నంత ఉండదు.

మన గడ్డుకాలం వానాకాలం

చిన్న లెక్క వేద్దాం. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంది. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అప్పుడు ఒక్కో టైరు సెకనుకు దాదాపు 12 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. మనింటికొచ్చే ఇరవై లీటర్ల క్యానులో సగానికి పైగా నీరు, ఒక్క సెకనులో! ఆ నీరు పోవడానికి ఉన్న దారులే టైరు మీది గాడులు. కొత్త టైరులో వాటి లోతు 7, 8 మిల్లీమీటర్లుంటుంది. గాడులు అరిగిపోతే నీటికి దారి ఉండదు. టైరు నీటి మీదికెక్కి తేలుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా, స్టీరింగ్ తిప్పినా కారుకు తెలియదు.

దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. విమానాలు తడి రన్‌వే మీద ఇలాగే జారుతుంటే నాసా ఇంజినీర్లు వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ దాని గుట్టు విప్పుతూ 1963లో నివేదిక రాశారు. టైరు తేలే వేగం అందులోని గాలి మీద ఆధారపడుతుందని తేల్చారు. వాళ్ల సూత్రం ప్రకారం గాలి 33 పీఎస్ఐ ఉంటే నిలిచిన నీటి మీద టైరు తేలే వేగం గంటకు సుమారు 95 కిలోమీటర్లు. గాలి 25కు తగ్గితే అది 83కే దిగుతుంది. మనం కీసర దగ్గరో ఘట్‌కేసర్ దగ్గరో ఎక్కే ఔటర్ రింగు రోడ్డు మీద అనుమతించే గరిష్ఠ వేగం 120. వాన పడుతున్నప్పుడు ఆ బోర్డు మనకోసం కాదని గుర్తుంచుకోవాలి.

జారుడుకు వేగమే కారణమని కూడా అనుకోవద్దు. నేను జారింది నలభై లోపే. చాలా రోజుల తర్వాత పడే వాన మొదటి అరగంట మరీ ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, బండ్ల నుంచి కారిన ఆయిల్, అరిగిన రబ్బరు పొడి తడిసి పలచని జిగురుపొరలా మారతాయి. చర్లపల్లి పారిశ్రామికవాడకు వచ్చిపోయే లారీలు, కుషాయిగూడ డిపో బస్సులు ఆగి కదిలే చౌరస్తాల్లో ఈ పొర మరింత చిక్కగా ఉంటుంది. ఇక కుంభవృష్టి కురిస్తే ఎలా ఉంటుందో 2020 అక్టోబరు మన వైపు వాళ్లకు చూపించింది. ఒక్క రోజులో ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. రోడ్డేదో కాలువేదో తెలియలేదు.

కాప్రా రోడ్డు ఏం కోరుతుంది?

టైరును కంపెనీ పేరుతో మొదలుపెట్టి ఎంచుకుంటాం. మొదట చూడాల్సింది మనం తిరిగే దారి. కాప్రాలో ఒకే రోజు మూడు రకాల దారులు తగులుతాయి. కాలనీల్లో సిమెంటు రోడ్లు, వాటిమీద అడుగడుగునా స్పీడు బ్రేకర్లు, ఎత్తుగానో పల్లంగానో ఉండే మ్యాన్‌హోల్ మూతలు. చౌరస్తాల మధ్య గుంతలు పడి, పూడి, మళ్లీ పడే తారురోడ్లు. ఊరు దాటితే ఔటర్ మీద నిట్టనిలువు ఎండలో ఆగకుండా పరుగు.

మొదటి రెండింటికీ కావలసింది టైరు పక్కభాగంలో బలం. చిన్న రిమ్ములు తీసేసి పెద్ద అల్లాయ్ చక్రాలు, రబ్బరు పట్టీలా సన్నటి టైర్లు వేయించుకోవడం ఇప్పుడు కుర్రాళ్లకు ముచ్చట. చూడ్డానికి బావుంటుంది. కానీ గుంతలో పడ్డప్పుడు దెబ్బను ఓర్చుకునేది టైరు పక్కభాగమే. అది సన్నబడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. టైరు లోపలి పోగులు తెగి పక్కన బుడ్డలా ఉబ్బుతుంది. బుడ్డ వచ్చిన టైరును ఇక నమ్మకూడదు, అది ఎప్పుడైనా పగలొచ్చు. అందుకే కంపెనీ చెప్పిన సైజు దాటి పోవద్దు. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ పక్కనే స్టిక్కరు మీద ఆ సైజూ, పెట్టాల్సిన గాలీ రాసి ఉంటాయి.

మూడో దారికి కావలసింది వేడిని తట్టుకోవడం. గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతిసారీ పక్కలు నలిగి మళ్లీ నిలుస్తాయి. ఆ నలుగుడే వేడిగా మారుతుంది. మే నెల రోడ్డు, నిండా మనుషులు, డిక్కీలో సామాను, ఆగకుండా వేగం అన్నీ కలిస్తే టైరు పేలుతుంది. వేసవిలో పేలుతుందన్న భయంతో గాలి తగ్గించుకునేవాళ్లున్నారు. అది సరిగ్గా తలకిందుల పని.

కాప్రాకే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటుంది. ఇది రిటైరైనవాళ్ల ఊరు. ఏఎస్ రావు నగర్ పేరే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు గారిది. ఈసీఐఎల్ 1967లో వచ్చింది. అక్కడా, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులోనూ పనిచేసినవాళ్లు, సైన్యంలో కొలువు ముగించినవాళ్లు ఈ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల కార్లు కవరు కప్పుకుని వేపచెట్టు కింద నిలబడి ఉంటాయి. గుడికి, ఆసుపత్రికి, నెలకోసారి కొడుకింటికి కదులుతాయి. ఇలాంటి కారు టైరు అరగదు, ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును గట్టిపరిచి పగుళ్లు తెస్తాయి. కదలకుండా ఉంటే బరువంతా ఒకేచోట పడి అక్కడ చదునవుతుంది. తక్కువ తిరిగింది కదా అని ధీమాగా ఉండేది మనమే, నాలాంటివాళ్లమే. అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలనీ, బాగున్నట్టు కనిపించినా పదేళ్లకు మించి వాడొద్దనీ పలు కంపెనీలు చెబుతాయి. మన ఎండకు అంతదాకా ఆగడం మంచిది కాదని నా అనుభవం నేర్పింది.

టైరు మీది జాతకం

ఆ రోజు షాపు కుర్రాడు నాకు టైరు చదవడం నేర్పాడు. పావుగంట చాలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. ‘185/65 ఆర్15 88హెచ్’ అని ఉందనుకుందాం. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే టైరు పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ‘ఆర్’ అంటే రేడియల్, 15 అంటే అంగుళాల్లో రిమ్ము కొలత. 88 బరువు మోసే శక్తి. అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. ‘హెచ్’ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ‘టీ’ అయితే 190, ‘వీ’ అయితే 240. బరువు, వేగం రెండింటిలోనూ కంపెనీ చెప్పినదానికన్నా తక్కువది కొనకూడదు.

‘డాట్’ అన్న అక్షరాల వరుస చివర కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. ‘2319’ అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. నాలుగంకెలూ ఒక పక్క కనిపించకపోతే రెండో పక్క చూడాలి. కొత్త టైరు కొనేటప్పుడూ ఇది అడగాలి. గోదాములో ఏళ్లు గడిపిన టైరు కొత్తది ఎలా అవుతుంది?

ఇక అరుగుదల. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు అడ్డంగా ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ముఖం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే కారుకు ఆ టైరు చట్టప్రకారం చెల్లిపోయినట్టే. బైకులకు, ఆటోలకు ఈ హద్దు 0.8 మిల్లీమీటర్లు. టైరు గుండైపోయేదాకా నడిపేవాళ్లను చూస్తుంటాం. వానలో తిరిగేవాళ్లు ఆ 1.6 దాకా కూడా ఆగొద్దు. 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మేలు.

అడగాల్సిన ప్రశ్న

టైర్ల షాపులో గంటసేపు కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ అడిగింది ఒక్కటే: ‘ఎన్ని కిలోమీటర్లొస్తుంది?’ ఇన్నేళ్లూ నేనడిగిందీ అదే. డబ్బు కష్టపడి సంపాదించినవాళ్లం, ఎక్కువ కాలం రావాలనుకోవడం తప్పు కాదు. కానీ టైరు తయారీలో ఒక బేరం ఉంది. ఎక్కువ కిలోమీటర్లు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. తడిలో పట్టు కావాలంటే మెత్తగా ఉండాలి. రెండింటినీ కలిపి సాధించడానికే 1990ల నుంచి టైరు రబ్బరులో సిలికా కలపడం పెరిగింది. అయినా ఒకటి పెరిగితే ఇంకోటి కొంత తగ్గుతుంది. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న: ‘వానలో ఎంతలో ఆగుతుంది?’

మన ప్రభుత్వమూ ఈ ప్రశ్నను పట్టించుకుంది. తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పటి ఒరిపిడి, మోత ఈ మూడింటికీ కనీస ప్రమాణాలు పెడుతూ 2022 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఏఐఎస్-142 అంటే అదే. ఐఎస్ఐ గుర్తు ముందు నుంచే తప్పనిసరి. అది లేని టైరు ఎంత చౌకైనా వద్దు. కొన్ని టైర్ల మీద అమెరికా పద్ధతి గ్రేడులు కూడా ఉంటాయి. అందులో ‘ట్రాక్షన్’ తడి రోడ్డు మీద తిన్నగా ఆగే శక్తి. ‘ఏఏ’ అన్నిటికన్నా మేలు, తర్వాత ‘ఏ’, ‘బీ’, ‘సీ’. ‘టెంపరేచర్’ వేడిని తట్టుకునే శక్తి. మనకు ‘ఏ’ కావాలి. ‘ట్రెడ్‌వేర్’ అంకె పెద్దదైతే ఎక్కువ కాలం వస్తుందని. ఇన్నాళ్లూ మనం చూసింది ఆ ఒక్క అంకెనే.

నాలుగూ ఒకేసారి మార్చలేకపోతే రెండే కొంటాం. కొత్తవి ముందు వేయమనడం అలవాటు. కానీ వెనక వేయించాలి. తడిలో ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే మళ్లీ అందుతుంది. వెనక టైర్లు జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడం మామూలు డ్రైవరు వల్ల కాదు. కొత్తవి వేశాక అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించడం మరవొద్దు. ఒకే అంచు అరుగుతోందంటే గుంతలు అలైన్‌మెంట్‌ను తప్పించాయన్నమాట.

గాలికి నెలకోసారి అయిదు నిమిషాలు చాలు. కారు చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే బంకు దాకా మాత్రమే నడిపి చూసుకోవాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే గాలి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. ఏప్రిల్‌లో పట్టించిన గాలి డిసెంబరు తెల్లవారుజామున అంతే ఉండదు. స్టెప్నీనీ చూసుకోండి. అవసరం పడిన రోజు అందులో గాలి లేకపోతే అది డిక్కీకి బరువే.

విదేశాల్లో పిల్లలుంటే

కొత్తగా చలిదేశం వెళ్లే పిల్లలు సూట్‌కేసులో పచ్చళ్లు సర్దుకుంటారు. టైర్ల సంగతి ఎవరూ చెప్పరు. క్యుబెక్‌లో తేదీలు ముందే చెప్పుకున్నాం. బ్రిటిష్ కొలంబియాలో కొండదారులు సహా చాలా రహదారుల మీద అక్టోబరు 1 నుంచే నిబంధన మొదలవుతుంది. ఒంటారియోలో తప్పనిసరి కాదు. కానీ చలి టైర్లు వేసుకుంటే బీమా కంపెనీలు రాయితీ ఇవ్వాలి, 2016 నుంచి ఇదే నియమం. జర్మనీలో తేదీలుండవు. రోడ్డు మీద మంచు ఉంటే టైరుకు కొండ-మంచుపువ్వు గుర్తు ఉండాలి. 2024 అక్టోబరు నుంచి ఒట్టి ‘ఎం ప్లస్ ఎస్’ చెల్లదు. ముందు రెండింటికే వేయించి డబ్బు మిగుల్చుకుందామనుకోవద్దు. నాలుగూ ఒకేలా లేకపోతే వెనక భాగం జారుతుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ తర్వాత ఇదీ ఒక మాట అడగండి.

మన పంచాంగంలోనే ఉంది

వాళ్లకు డిసెంబరు 1 ఎలాగో మనకూ ఒక రోజు ఉండాలి. వెతకనక్కర్లేదు, ఉంది. రోహిణి ఎండలు వెళ్లి మృగశిర కార్తె ప్రవేశించే రోజు, జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. రైతు అప్పటికే నాగలి, గొర్రు సరిచూసుకుని ఉంటాడు. నాంపల్లిలో చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు. ఆ వారంలో టైర్ల గాడులు, పగుళ్లు, తారీకు చూసుకుంటే వానాకాలానికి సిద్ధమైనట్టే.

రెండో రోజు దసరా ముందు ఆయుధపూజ. మొన్న ఆ పూజ నాడు కొత్త టైర్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు ఉంచాను. ఇన్నేళ్లూ నిమ్మకాయ పెట్టి లేచేవాణ్ని. ఈసారి వంగినవాణ్ని వంగినట్టే ఉండి, కళ్లజోడు సవరించుకుని ఆ నాలుగంకెలు చదివాను. స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక్కి చూసిన ఆ పాప గుర్తొచ్చింది. లేచి కారెక్కి, నెమ్మదిగా నిమ్మకాయలు తొక్కించాను.